తెల్లవారుజామున రాకెట్: మంట చూసి వెళ్లిపోకండి, పొగ కోసం ఆగండి

మీ ప్రశ్న చదివాను. హైదరాబాద్ నుంచి నాన్నగారిని తీసుకుని సూళ్లూరుపేట వస్తున్నారు. ప్రయోగం తెల్లవారకముందే. చేతిలో మామూలు కెనాన్ క్రాప్ బాడీ (చిన్న సెన్సర్ కెమెరా), దాంతో వచ్చిన 18-55 లెన్సు, దూరంవి తీయడానికి ఒక 55-250 లెన్సు, ట్రైపాడ్, ఫోను ఉన్నాయి. ఎక్కడ నిలబడాలి, సెట్టింగులు ఏం పెట్టుకోవాలి, 55-250 సరిపోతుందా లేక పెద్ద లెన్సు అద్దెకు తెచ్చుకోవాలా, సాయంత్రం ప్రయోగాలు ఎలా ఉంటాయి అని అడిగారు. మాది ఈ చుట్టుపక్కల ఊరే. చిన్నప్పుడు మేడ మీద నుంచి, తర్వాత పులికాట్ ఒడ్డు నుంచి, ఈ మధ్య షార్ (శ్రీహరికోట రాకెట్ కేంద్రం) గ్యాలరీ నుంచి రాకెట్లు చూస్తూనే ఉన్నాను. పదిహేనేళ్లుగా ఫొటోలు కూడా తీస్తున్నాను.

లెన్సు అద్దెకు తేవద్దు. కారణం కింద చెప్తాను. అంతకంటే ముఖ్యమైన మాట ఒకటుంది, అది ముందు చెప్పాలి. చాలామంది రాకెట్ లేవగానే ఈలలు వేసి, చప్పట్లు కొట్టి, మంట చుక్కలా మారేసరికి బండ్లు స్టార్ట్ చేస్తారు. పగటి ప్రయోగమైతే అలా వెళ్లిపోయినా పెద్ద నష్టం లేదు. తెల్లవారుజామునో, పొద్దు గుంకిన కాసేపటికో జరిగే ప్రయోగంలో మాత్రం అసలు చూడాల్సింది అప్పుడే మొదలవుతుంది.

పొద్దున్నే పెరట్లో నిలబడి చూడండి. కొబ్బరిచెట్టు కొసన ఎండ తగిలేసరికి కింద వాకిట్లో ఇంకా మసకగానే ఉంటుంది. రాకెట్ సంగతీ అంతే. నేల మీద మనకు చీకటి, పైన పదుల కిలోమీటర్ల ఎత్తులో ఎండ. రాకెట్ చీకట్లో లేచి, భూమి నీడను దాటి, ఒక్కసారిగా ఎండలోకి వెళ్తుంది. అప్పటిదాకా కనపడని పొగ అక్కడి నుంచి వెలగడం మొదలవుతుంది. అంత ఎత్తులో గాలి దాదాపు ఉండదు కాబట్టి ఆ పొగను అదిమి పట్టేదేమీ లేదు. నాలుగు దిక్కులా విచ్చుకుంటుంది. ఇంగ్లీషువాళ్లు దీన్ని జెల్లీఫిష్ అంటారు. నాకు మాత్రం దండెం మీద ఆరేసిన తెల్ల పంచె గాలికి విప్పారినట్టు ఉంటుంది.

ఎంత ఎత్తులో ఎండ మొదలవుతుందో లెక్క కట్టడం తేలికే. సూర్యుడు దిగంతానికి 4 డిగ్రీలు కింద ఉంటే మన నెత్తి మీద సుమారు 15 కిలోమీటర్ల ఎత్తు నుంచి ఎండ ఉంటుంది. 6 డిగ్రీలైతే 35 కిలోమీటర్లు, 8 డిగ్రీలు దాటితే 65, 70. మన ప్రాంతంలో సూర్యుడు డిగ్రీ ఎక్కడానికి నాలుగు నిమిషాల పైన పడుతుంది. సంధ్య మనకు చాలా చిన్నది, పావుగంట అటూ ఇటూ అయితే ఆకాశమే వేరు. అందుకే ప్రయోగం టైము ఒక్కటే చూస్తే లాభం లేదు, ఆ రోజు సూర్యోదయం ఎప్పుడో దాని పక్కన పెట్టి చూడాలి.

దీనికి చక్కని ఉదాహరణ రెండు ప్రయోగాలు. 2022 ఫిబ్రవరి 14న పీఎస్‌ఎల్‌వీ-సీ52 ఉదయం 5:59కి లేచింది. 2025 మే 18న పీఎస్‌ఎల్‌వీ-సీ61 కూడా 5:59కే లేచింది. రెండిట్లోనూ రాడార్ ఉపగ్రహాలే, ఈఓఎస్-04, ఈఓఎస్-09. రాడార్‌కు కరెంటు ఎక్కువ కావాలి. అందుకే ఇలాంటి వాటిని పగలు, రాత్రి సరిహద్దు మీదుగా తిరిగే కక్ష్యలో పెడతారు, సోలార్ పలకల మీద దాదాపు ఎప్పుడూ ఎండ ఉంటుంది. ఆ కక్ష్య కావాలంటే ప్రయోగం ఆరింటి ప్రాంతంలోనే జరగాలి. ఫిబ్రవరిలో ఆ టైముకు సూర్యోదయానికి ఇంకా అరగంట ఉంది. చీకటి ఆకాశం, పైన ఎండ. మేలో అదే 5:59కి సూర్యుడు అప్పటికే పైకి వచ్చేశాడు. గడియారంలో ఒకటే టైము, చూసేవాళ్లకు మాత్రం ఒకటి సంధ్య ప్రయోగం, రెండోది పగటి ప్రయోగం. (ఆ రెండోది మూడో దశలో తేడా వచ్చి విఫలమైంది. ఆ రోజు ఇంటికి తిరిగి వెళ్తున్నప్పుడు దారిలో ఎవరికీ మాట రాలేదు.)

2025 జనవరి 29న జరిగిన జీఎస్‌ఎల్‌వీ-ఎఫ్15 కూడా గుర్తుంచుకోదగ్గదే. శ్రీహరికోట నుంచి వందో ప్రయోగం అది. 6:23కి లేచింది, సూర్యోదయానికి పావుగంట లోపే ఉంది. అలాంటప్పుడు భూమి నీడ బాగా కిందే ఉంటుంది, రాకెట్ నిమిషం దాటిన కాసేపటికే ఎండలోకి వెళ్లిపోతుంది. రంగులు బాగుంటాయి కానీ వెనక ఆకాశం కూడా తెల్లబడిపోతుంది కాబట్టి విచ్చుకున్న పొగ అంత కొట్టొచ్చినట్టు కనపడదు. నన్నడిగితే సూర్యోదయానికి 25 నుంచి 45 నిమిషాల ముందు జరిగేది అన్నిటికంటే మేలు.

సాయంత్రం ప్రయోగాల గురించీ అడిగారు కదా. మన తీరానికి సముద్రం తూర్పున ఉంది, రాకెట్లు అటే వెళ్తాయి. తెల్లవారుజామున అంటే ఎండకు ఎదురెళ్తున్నట్టు. వంద కిలోమీటర్లు తూర్పుకు పోయేసరికి అక్కడ సూర్యుడు దాదాపు ఒక డిగ్రీ పైకి ఉంటాడు, నీడ ఇంకా కిందికి దిగుతుంది. పైగా సూర్యుడు పొగకు వెనక వైపు ఉంటాడు. దుమ్ము నిండిన గదిలో కిటికీ వైపు చూస్తే దుమ్ము ఎలా మెరుస్తుందో పొగ అలా మెరుస్తుంది. సాయంత్రం ఇదంతా తలకిందులు. రాకెట్ ఎండకు దూరంగా, నీడలోకి పోతుంది. అయినా బాగా ఎత్తుకు వెళ్లాక వెలుగుతుంది, కానీ ఆ వెలుగు కాస్త తక్కువ. ఇంకో సంగతి, సాయంత్రం ప్రయోగాలన్నీ సంధ్య ప్రయోగాలు కావు. 2025 జులై 30న నైసార్ ఉపగ్రహం 5:40కి వెళ్లింది, అప్పటికి పొద్దు గుంకడానికి గంట ఉంది. నవంబర్ 2న ఇస్రో పెద్ద రాకెట్ ఎల్‌వీఎం3-ఎం5 5:26కి వెళ్లింది, అప్పటికీ సూర్యుడు అస్తమించలేదు. అలాంటప్పుడు మీ వెనక నుంచి పడే బంగారు రంగు వెలుగు పొగ మీద బాగుంటుంది, దానికి తగ్గట్టు తీసుకోండి. విప్పారే పంచె మాత్రం ఆశించవద్దు. కాలిఫోర్నియాలో ఉన్న మనవాళ్లకు ఈ లెక్క తిరగబడుతుంది. అక్కడ సముద్రం పడమట ఉంది కాబట్టి వాండెన్‌బర్గ్ ప్రయోగ కేంద్రం నుంచి పొద్దు గుంకాక లేచేవి అద్భుతంగా ఉంటాయి. 2017 డిసెంబర్ 22న అక్కడి నుంచి సాయంత్రం లేచిన ఫాల్కన్ 9ని చూసి లాస్ ఏంజెలెస్‌లో జనం గ్రహాంతరవాసులు వచ్చారేమో అనుకున్నారు.

ఇక ఏ రాకెట్ అన్నది. ఇది చాలామంది పట్టించుకోరు. పీఎస్‌ఎల్‌వీ, జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 మూడింటిలోనూ మొదటి రెండు నిమిషాలు ఘన ఇంధనం మండుతుంది. అందులో అల్యూమినియం పొడి కలుస్తుంది, అది మండితే వచ్చేదే ఆ చిక్కటి తెల్ల పొగ. పీఎస్‌ఎల్‌వీలో మొదటి దశ నిమిషం యాభై సెకన్ల దగ్గర విడిపోతుంది. జీఎస్‌ఎల్‌వీలో మధ్యలో ఉన్న ఘన దశ అంతకు కాస్త ముందే అయిపోతుంది, చుట్టూ ఉన్న నాలుగు ద్రవ ఇంజన్లు ఇంకో ముప్పావు నిమిషం లాగుతాయి. ఎల్‌వీఎం3లో రెండు పెద్ద ఘన బూస్టర్లు రెండు నిమిషాల పైన మండుతాయి, పొగ అన్నిటికంటే లావుగా ఉంటుంది. ఆ తర్వాత అందుకునే వికాస్ అనే ద్రవ ఇంజన్ మంట లేత ఎరుపు, పగలైతే కనపడదు. సంధ్యలో మాత్రం దాని ఆవిరి పైన గడ్డకట్టి ఎండకు వెలుగుతుంది, నేను చెప్పిన పంచె అదే. అంటే దాదాపు రెండో నిమిషం నుంచి నాలుగైదు నిమిషాల దాకా ఆకాశం మీద కళ్లు ఉంచాలి. ఇంకో చిన్న తేడా, జీఎస్‌ఎల్‌వీలో పక్క ఇంజన్లు కౌంట్‌డౌన్ సున్నాకు దాదాపు ఐదు సెకన్ల ముందే వెలుగుతాయి. ముందే వెలుతురు వచ్చిందని కంగారుపడి షట్టర్ నొక్కేయకండి.

ఎక్కడ నిలబడాలంటే, నాన్నగారి వయసు 70 దాటింది అన్నారు కాబట్టి నా సలహా 2019లో తెరిచిన షార్ గ్యాలరీయే. కూర్చోవడానికి మెట్లు ఉంటాయి, బాత్‌రూమ్‌లు ఉంటాయి. ఆన్‌లైన్ రిజిస్ట్రేషన్ తెరిచిన కాసేపటికే నిండిపోతుంది, ఆధార్ కార్డులు పక్కన పెట్టుకుని కూర్చోండి. లోపలికి ఏం తేవచ్చో, ఏం తేకూడదో ఆ పేజీలోనే రాస్తారు. కెమెరా, ట్రైపాడ్ గురించి అప్పుడే చదువుకోండి. డ్రోన్ మాట మనసులోకి కూడా రానివ్వకండి. సీటు దొరక్కపోతే సూళ్లూరుపేటలో మేడ ఉన్న లాడ్జి ఏదైనా తూర్పు వైపు కొబ్బరిచెట్లు, వాటర్ ట్యాంకులు అడ్డం లేకుండా చూసుకోండి. ముందు రోజు సాయంత్రమే మేడ ఎక్కి చూసి రావాలి. పులికాట్ మీదుగా శ్రీహరికోట వెళ్లే రోడ్డు చాలా అందంగా ఉంటుంది. పాతవాళ్లు ఈ సరస్సును ప్రళయకావేరి అంటారు. కానీ ప్రయోగం రోజు పోలీసులు ఎక్కడ ఆపితే అక్కడే. బండి రోడ్డు వారకు తీసి, హారన్ కొట్టకుండా నిలబడండి. చలికాలంలో అక్కడ ఫ్లెమింగోలు మేస్తుంటాయి, ఫ్లాష్ కొట్టడం, దగ్గరికి నడిచి వెళ్లడం వద్దు.

ఇప్పుడు లెన్సు సంగతి. సూళ్లూరుపేట నుంచి లాంచ్‌ప్యాడ్ 20 కిలోమీటర్ల పైమాటే. రాకెట్ పొడవు 45, 50 మీటర్లు. మీ 250 ఎంఎంలో కెమెరా అడ్డంగా పెడితే రాకెట్ ఫొటో ఎత్తులో ఇరవయ్యో వంతు కూడా ఉండదు. పెద్ద లెన్సు తెచ్చినా మధ్యలో ఉన్న ఉప్పు గాలి, తేమ దాన్ని అలికేస్తాయి. సంధ్య ప్రయోగంలో ఫొటో అంటే ఆకాశం, పొగ, కింద నీళ్లలో దాని నీడ. దానికి 18-55 చాలు. జీఎస్‌ఎల్‌వీ, ఎల్‌వీఎం3 ఎక్కువసార్లు దాదాపు తూర్పుకే వెళ్తాయి కాబట్టి కెమెరా నిలువుగా పెట్టండి. ధ్రువ కక్ష్యకు, అంటే ధ్రువాల మీదుగా తిరిగే కక్ష్యకు వెళ్లే పీఎస్‌ఎల్‌వీ మాత్రం ఆగ్నేయం, దక్షిణం వైపు జారుతుంది. మనం పడమట నిలబడి చూస్తాం కాబట్టి అది కుడికి పోతుంది. కెమెరా అడ్డంగా పెట్టి, రాకెట్ లేచే చోటును ఫ్రేమ్‌లో ఎడమ అంచుకు తెచ్చి, కుడివైపంతా ఖాళీ వదలండి.

ఫోకస్ తప్పకుండా మాన్యువల్‌లో పెట్టండి. నేను మొదటిసారి కెమెరా పట్టుకెళ్లినప్పుడు ఆటోఫోకస్‌లో వదిలేశాను. మంట కనపడగానే లెన్సు ముందుకూ వెనక్కూ వెతుక్కుంటూ పోయింది, నాకు మిగిలిన పదిహేను ఫొటోల్లో ఒక్కటీ పదునుగా లేదు. అప్పటి నుంచి ఒకటే పద్ధతి. ప్రయోగానికి గంట ముందు దూరంగా ఉన్న దీపాన్ని లైవ్ వ్యూలో, అంటే వెనక తెర మీద, పదింతలు పెద్దది చేసి చూసి, ఫోకస్ పెట్టి, రింగు మీద చిన్న టేపు ముక్క అంటిస్తాను. ట్రైపాడ్ మీద ఉంటే లెన్సులోని స్టెబిలైజేషన్ ఆపేయండి. రా ఫార్మాట్‌లో తీయండి, మంట, చీకటి నేల రెండూ ఒకే ఫొటోలో ఉంటాయి కాబట్టి తర్వాత సర్దుకోవడానికి అదొక్కటే దారి. ఇంకొకటి, ఏసీ గదిలోంచో కారులోంచో కెమెరా బయటికి తీస్తే ఈ తీరం గాలికి లెన్సు మీద వెంటనే మంచు పట్టేస్తుంది. గుడ్డతో తుడిచినా మళ్లీ పడుతుంది. కెమెరా తీయడానికి ముప్పావు గంట ముందే బ్యాగ్‌తో సహా బయటపెట్టండి, బ్యాగ్ మూసే ఉండాలి.

అందరూ కోరుకునే ఆ నిప్పు గీత, అంటే షట్టర్ రెండు నిమిషాలు తెరిచి ఉంచి తీసేది, దానికి ఐఎస్ఓ 100, ఎఫ్ 16, 120 సెకన్లు. ఇది సూర్యోదయానికి 35, 40 నిమిషాల ముందు ప్రయోగమైతే సరిగ్గా కుదురుతుంది. 25 నిమిషాల ముందైతే ఇవే సెట్టింగులకు ఆకాశం తెల్లగా కాలిపోతుంది. ఎఫ్ 22కి తగ్గించి, వెలుతురు తగ్గించే ఎన్‌డీ 8 ఫిల్టర్ పెట్టుకోవాలి. పావుగంట లోపైతే గీత ఆలోచన మానేయండి. అంత ముదురు ఫిల్టర్ పెడితే ఆకాశంతో పాటు గీత కూడా మసకబారుతుంది. అప్పుడు విడివిడి ఫొటోలే మేలు. లేచే క్షణానికి ఎఫ్ 8, 1/1000, ఐఎస్ఓ 400 దగ్గర మొదలుపెట్టండి. ఘన ఇంధనం మంట మీరు ఊహించిన దానికంటే చాలా ఎక్కువ వెలుగుతుంది, కొత్తవాళ్లందరూ దాన్ని తెల్ల మచ్చ చేసేస్తారు. పొగ ఎండలోకి వెళ్లాక పని వేరే. అప్పుడు మంట చిన్న చుక్క, పొగదే ఫొటో. ఎఫ్ 4, 1/60, ఐఎస్ఓ 1600కి మార్చి, వెనక తెరలో చూసుకుంటూ సర్దుకోండి. ఈ మార్పు చీకట్లో, టెన్షన్‌లో, ఇరవై సెకన్లలో చేయాలి. మీ కెమెరాలో సీ1 లాంటి కస్టమ్ మోడ్ ఉంటే రెండో సెట్టింగు అందులో దాచుకోండి. లేకపోతే ముందు రోజు రాత్రి లాడ్జి గదిలో లైటు ఆర్పి నాలుగైదుసార్లు డయల్ తిప్పి చూసుకోండి. నేను ఇప్పటికీ చేస్తాను.

ఫోనును నాన్నగారి పక్కన ఏదైనా గోడకు ఆనించి వీడియోలో పెట్టేయండి. నైట్ మోడ్ వద్దు, జూమ్ వద్దు. తెర మీద వేలు అదిమి పట్టి ఎక్స్‌పోజర్ లాక్ చేసి, వెలుతురు సగానికి తగ్గించండి. శబ్దం రికార్డవుతుంది, అది చాలా విలువైనది.

శబ్దం గురించి నాన్నగారికి ముందే చెప్పండి. కిలోమీటరుకు మూడు సెకన్లు, అంటే సూళ్లూరుపేటలో నిమిషం దాటాకే వినపడుతుంది. ముందు తూర్పున దిగంతం కింద నారింజ రంగు వెలుతురు పొంగుతుంది. నీళ్ల మీద పొగమంచు ఉంటే అది కూడా ఆ రంగే అవుతుంది. రాకెట్ పైకి వస్తుంది, ఎక్కుతుంది, చప్పుడే ఉండదు. ఆ నిమిషం పాటు పక్కవాళ్ల ఊపిరి కూడా వినిపిస్తుంది. తర్వాత ముందు కాళ్ల కింద, ఆపైన ఛాతీలో, చివరికి చెవిలో మొదలవుతుంది. మా ఇంట్లో కిటికీ అద్దాలు గలగలమంటే అమ్మ వంటింట్లోంచే "లేచింది" అనేది. మీరు ఆ నిమిషంలో కెమెరా వెనక ఉండకండి. రిమోటుతోనో, ఇంటర్‌వాల్ టైమరుతోనో నడవనిచ్చి, నాన్నగారి పక్కన నిలబడండి.

బైనాక్యులర్స్ ఉంటే తెచ్చుకోండి, 7x50 గానీ 10x50 గానీ చాలు. బూస్టర్లు విడిపోయి మెరుస్తూ వెనకబడటం వాటితో కనిపిస్తుంది. కానీ తెల్లవారుజామున రాకెట్ వెళ్లేదీ, సూర్యుడు వచ్చేదీ ఒకే వైపు. సూర్యోదయానికి ఐదు నిమిషాల ముందే బైనాక్యులర్స్ పెట్టెలో పెట్టేయండి, ఒక్క క్షణం పొరపాటు చూపు పడినా కన్ను పోతుంది. కెమెరా వ్యూఫైండర్‌కూ ఇదే వర్తిస్తుంది.

ఇంకా వెళ్లిపోకండి. రాకెట్ కనుమరుగయ్యాక మిగిలిన పొగ గీతను కింది నుంచి పైకి చూడండి. అడుగున ఇంకా భూమి నీడలోనే ఉంటుంది, బూడిద రంగు. దాని పైన ఒకచోట రాగి చెంబు రంగు వస్తుంది. నీడ అంచున పడే ఎండ చాలా దూరం గాలిలోంచి వడకట్టి వస్తుంది కాబట్టి ఎరుపే మిగులుతుంది. ఇంకా పైన పసుపు, ఆపైన తెలుపు. నిమిషాలు గడిచేకొద్దీ ఆ రాగి రంగు గీత వెంట కిందికి దిగుతూ వస్తుంది. భూమి నీడ కిందికి జారిపోవడం కళ్లతో చూడగలిగే సందర్భాలు ఎక్కువ ఉండవు. ఈలోగా ఒక్కో ఎత్తులో ఒక్కో దిక్కుకు వీచే గాలి గీతను మెలికలు తిప్పేస్తుంది, ముగ్గు పిండి చెదిరినట్టు. 55-250 బయటికి తీయాల్సింది ఇప్పుడే. ఆ మెలికలకు అది సరిగ్గా సరిపోతుంది. కనీసం ఇరవై నిమిషాలు ఉండండి. రోడ్డు మీద ట్రాఫిక్ కూడా ఈలోపు తగ్గుతుంది.

ప్రయోగం వాయిదా పడితే నిరాశపడకుండా ముందే ఇంకో రోజు చేతిలో పెట్టుకోండి. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 ప్రయోగాన్ని ఇంకో 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు, వారం తర్వాత 22న మధ్యాహ్నం వెళ్లింది. రాత్రంతా మేలుకుని ఎదురుచూసిన వాళ్లు చాలామంది ఆ రెండో రోజుకు రాలేకపోయారు. తిరుగు రైలు టికెట్ మర్నాటికి చేసుకోవడమే మంచిది. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఇక్కడ ఈశాన్య రుతుపవనాల వానలు, మబ్బు ఎక్కువ. జనవరి, ఫిబ్రవరిలో ఆకాశం బాగుంటుంది కానీ సరస్సు మీద పొగమంచు ఉండొచ్చు, నాన్నగారికి మఫ్లరు, మీకు లెన్సు తుడిచే గుడ్డ రెండు.

టైము ఖరారయ్యాక ఆ రోజు సూళ్లూరుపేటలో సూర్యోదయం ఎప్పుడో చూసి, ఏ రాకెట్టో కలిపి రాయండి. ఎన్‌డీ ఫిల్టర్ కొనాలో అక్కర్లేదో, కెమెరా నిలువో అడ్డమో చెప్తాను.